నాలుగు పడకల పడవ

"మళ్ళీ చదువు," అన్నారు అత్తగారు మనవరాలితో.

చిట్టి ప్రయాణికుల పేర్ల కాగితం మళ్ళీ చదివింది. ఇది మూడోసారి. ఎన్నిసార్లు చదివినా నాలుగు పేర్లే వస్తున్నాయి. నానమ్మది, అత్తది, నాన్నది, తనది. అమ్మ పేరు వెనకవైపు ఉందేమోనని కాగితం తిప్పి కూడా చూసింది. వెనకంతా తెల్లగా ఉంది.

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు మాత్రం ఐదుగురు.

ఇంకో పదకొండు రోజుల్లో ప్రయాణం. హాల్లో మూడు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. సోఫా మీద వెడల్పాటి అంచుల గడ్డిటోపీలు ఐదు, ఒకదానిలో ఒకటి దూర్చి ఉన్నాయి. అవి చిట్టి మేనత్త, ఈ ఇంటి ఆడపడుచు, కొన్నవి. ఆవిడ లెక్క తప్పలేదు. లెక్క తప్పింది ఈ ఇంట్లో ఎన్నడూ లెక్క తప్పని మనిషి.

చిట్టి తల్లి బొంగరం వంగి ఆ కాగితం తనూ చూసింది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, ఒకచోట కాలు నిలవని కోడలికి అత్తగారు పెట్టిన పేరది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఒక ప్రయాణాల ఆఫీసులో పని చేస్తోంది. కలిగినవాళ్ళు విదేశాలకు విహారం వెళితే, ఏ పూట ఏ కిటికీ పక్కన కూర్చుని ఏ సముద్రం చూడాలో ముందుగా రాసిపెట్టడం ఆమె పని. ఆమె వేసిన పథకంలో ఇంతవరకు ఒక్క పెట్టె కూడా దారి తప్పలేదు. అలాంటిది, సొంత ఇంటివాళ్ళకి మొదటిసారి ప్రయాణం కడుతూ, తనని తాను ఇంట్లో వదిలేసింది.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట," అంది ఆడపడుచు.

ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి మొన్ననే రిటైరైంది. ఈ ప్రయాణమంతా ఆ సందర్భానికే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాబట్టి, మిగతావాళ్ళు మనసులో అనుకున్నది ఆవిడ పైకి అనేసింది.

"అమ్మ పేరుంది! ఇదిగో, అడుగున!" అని అరిచింది చిట్టి.

అందరూ వంగి చూశారు. నిజమే, ఉంది. కాగితం అట్టడుగున చిన్న అక్షరాల్లో, 'ఏర్పాట్లు చూసేవారు' అన్న మాట పక్కన, ఫోను నంబరుతో సహా ఉంది.

అప్పుడు బొంగరానికి అర్థమైంది. పోయిన నెల ఈ బల్ల దగ్గరే కూర్చుంది. ఆఫీసు నోటుపుస్తకం తెచ్చుకుని తను ఇవతల, మిగతా నలుగురూ అవతల. ఇరవై రెండేళ్ళుగా చేసినట్టే, బల్లకు అవతల ఉన్న తలలు లెక్కపెట్టి 'నలుగురు' అని రాసింది. బల్లకు ఇవతల కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ప్రయాణం చెయ్యరు. ఇవతలివాళ్ళు ఫోన్లు చేస్తారు.

"హోటల్‌కి చెప్పొచ్చు కదా?" అన్నాడు భర్త. ఆయనది వీధి మొదట్లో కళ్ళద్దాల దుకాణం. అవసరమైతే తప్ప మాట్లాడడు. మాట్లాడితే కళ్ళద్దాలు తీసి తుడుస్తాడు.

"మధ్యాహ్నమే చెప్పాను. హోటల్‌తో పేచీ లేదు. ఇంకో మంచం వేస్తారు. విమానంలో చోటుంది. అక్కడి పాత రాతి రంగస్థలంలో సంగీతం జరిగే రాత్రికి కూడా ఇంకో సీటు ఇస్తామన్నారు." బొంగరం గొంతు తగ్గింది. "పడవ ఒక్కటే. నాలుగే పడకలు. ఐదో అతిథిని ఎక్కించుకుంటే రేవువాళ్ళు పడవని కదలనివ్వరు. చుట్టుపక్కల వేరే పడవ కూడా ఖాళీ లేదు. సాయంత్రం ఆరు లోపల పేర్లు ఖాయం చెయ్యాలి."

గోడ మీద గడియారం ఐదూ పది చూపిస్తోంది.

పడవ ఒక్కటేనట! ఆ మాట అన్న మనిషికే తెలుసు, మొత్తం ప్రయాణానికి ప్రాణం ఆ పడవలో ఉందని. పాత రాజభవనాన్ని హోటల్ చేశారు, బాగుంది. నీలిరంగు పలకల గోడలు, నిమ్మచెట్ల కింద పొద్దుటి ఫలహారం, అదీ బాగుంది. కానీ మూడు రోజులు రెండు తెరచాపల చెక్క పడవ మీద ఆ తీరం వెంబడి వెళ్ళడం, నేల మీద దారే లేని గుహ దగ్గర దిగడం, వెయ్యేళ్ళ కిందట ఎవరో ఆ గుహగోడ మీద వేసిన చేపల బొమ్మలు దీపం పట్టుకుని చూడడం! ఆ సంగతి బొంగరం ఎంతమందికి చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ ఆమె కళ్ళే మెరిసేవి. విన్నవాళ్ళు వెళ్ళొచ్చేవాళ్ళు. ఆమె ఇంకొకళ్ళకి చెప్పేది.

"సరే. నేను మానేస్తా," అన్నాడు భర్త. "దుకాణం చూసుకోవాలి కూడా."

"దుకాణానికి పదిరోజులు సెలవని బోర్డు రాయించి తెచ్చుకున్నారు. అదిగో తలుపు వెనకాలే ఉంది!"

"బోర్డు చెరపొచ్చు."

"మీరు లేకుండా నాకు ఆ పడవెందుకండీ?" అంది బొంగరం. అందరి ముందూ అనేశానే అని చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కళ్ళద్దాలు మరీ గట్టిగా తుడిచాడు.

"సర్లే, నేనే మానేస్తాను," అంది ఆడపడుచు. "గుహలూ బొమ్మలూ నాకేం తెలుస్తాయి? హోటల్లో కాళ్ళు చాపుకుని పడుకుంటా. ముప్పై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు."

"అత్త రిటైర్మెంటుకి అత్త లేకుండా వెళ్ళడమా? పెళ్ళికూతుర్ని ఇంట్లో పెట్టి తాళం వేసినట్టుంటుంది. నేను మానేస్తా." చిట్టి ఆ మాట ధైర్యంగానే అంది. అని, ఫ్రిజ్ మీద అంటించిన ప్రయాణం పట్టిక వైపు చూసింది. రంగు పెన్నులతో పట్టిక రాసింది తనే. పడవ బొమ్మ చుట్టూ పసుపు సూర్యుళ్ళు గీసింది. కింది పెదవి వణికింది.

"నువ్వు నోర్మూసుకో," అంది అత్త ప్రేమగా. "అయినా మూడో రోజు ఫలహారం పడవలోనా, నిమ్మచెట్ల కిందా? మానేసేవాళ్ళకి అదైనా దక్కుతుందా?"

"పడవలో. నిమ్మచెట్లు రెండో రోజు, ఆరో రోజు," అంది బొంగరం. ఇల్లు తగలబడుతున్నా పట్టిక అడిగితే చెప్పే మనిషి ఆమె.

"రెండుసార్లుందా! చెప్పవేం మరి!"

చిట్టికి ఏడుపులో కూడా నవ్వు వచ్చింది. ఈ నెలరోజులుగా ఇంట్లో ఇదే వరస. ఎవరైనా తగువు మొదలుపెడితే అది టోపీల దగ్గరికో తెరచాపల దగ్గరికో వెళ్ళి ఆగుతుంది.

అప్పుడు భర్త, ఎవరి మొహమూ చూడకుండా, మెల్లగా అన్నాడు.

"అమ్మ మొదట్నుంచీ వద్దంటూనే ఉంది కదా."

ఆ మాట బల్ల మధ్యలో పడింది.

అబద్ధం కాదు. ఉప్పునీళ్ళు చూడడానికి అంత దూరమెందుకని అత్తగారు రోజుకు రెండుసార్లు అంటూనే ఉన్నారు. టోపీ పెట్టి చూపిస్తే, పొలంలో దిష్టిబొమ్మలా ఉన్నానని తీసి పారేశారు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. హోటల్ తోటలో కుర్చీ వేస్తే ఆవిడకి హాయిగానే ఉంటుంది. ఇలా అనుకున్నప్పుడు బొంగరం గుండె ఒక్క గెంతు గెంతింది. ఆ గెంతుకు వెంటనే సిగ్గుపడింది కూడా. కానీ గెంతింది.

"నిజమే కదమ్మా," అంది ఆడపడుచు. "నీకూ మంచిదే. రోజూ పొద్దున నడకకని వెళ్ళి, తల తడుపుకుని వచ్చి, మంచు పడిందంటావు. ఇంక పడవ మీద గాలికి నిన్ను పట్టుకోవడం నా వల్ల కాదు."

అత్తగారు టీ కప్పు కింద పెట్టారు. కప్పు చెవి సరిగ్గా తన వైపు తిరిగేలా సర్దారు. ముప్పై ఐదేళ్ళు బడిలో భూగోళం చెప్పిన టీచరు ఆవిడ. తరగతి గది నిశ్శబ్దం అయ్యేదాకా ఎదురుచూసి మాట్లాడే అలవాటు ఇప్పటికీ పోలేదు.

"నేను మానను," అన్నారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ముప్పై ఐదేళ్ళు ఆ తీరాన్ని నల్లబల్ల మీద గీశాను. ఇక్కడ అఖాతం, ఇక్కడ గుహలు, ఇక్కడ ఉప్పుమడులని బెత్తంతో చూపించాను. గంట కొట్టగానే తుడిచేశాను. మళ్ళీ ఏడాది మళ్ళీ గీశాను. కళ్ళు మూసుకుని గీయమన్నా గీస్తాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బెత్తంతో కాకుండా కాలితో ముట్టుకుంటాను."

"మరి ఉప్పునీళ్ళకి అంత దూరమెందుకన్నావు?" అన్నాడు కొడుకు బిక్కమొహం వేసుకుని.

"అంటాను. వద్దు వద్దన్నా తీసుకెళుతున్నారంటే ముచ్చటగా ఉంటుంది. ఎగిరి గంతేస్తే ఏం బాగుంటుందిరా?"

చిట్టి పకపకా నవ్వింది. బొంగరం కూడా నవ్వబోయింది. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. అత్తగారికి అంత ఆశ ఉందని తెలిసి సంతోషం వేసింది. తన ఆశకి ఇంక చోటు లేదని తెలిసి దిగులూ వేసింది. రెండూ ఒకేసారి జరిగితే మొహం ఎలా పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"అయితే సరే," అంది లేస్తూ. ఏదైనా సర్దాలి కాబట్టి టోపీలు సర్దింది. "మీ నలుగురూ పడవెక్కండి. ఆ మూడు రోజులూ నేను హోటల్లో ఉండి అన్నీ ఫోన్లో చూసుకుంటా. నాకది అలవాటేగా. గుహ దగ్గర మెట్లు అరవై రెండు. పదకొండో మెట్టు విరిగింది, చూసుకుని దిగాలి. గుహలోకి దిగేటప్పుడు..."

"నువ్వెప్పుడు దిగావు?" అన్నారు అత్తగారు.

"ఏమిటీ?"

"ఆ పదకొండో మెట్టు. నువ్వెప్పుడు దిగావు?"

బొంగరం చేతిలో టోపీ ఆగిపోయింది. దిగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇంకొకళ్ళకి జాగ్రత్త చెప్పిన మెట్టు అది. ఆమె ఏడ్చేసింది. చిన్నపిల్లలా, ముక్కు తుడుచుకుంటూ, "నాకు వెళ్ళాలని ఉంది అత్తయ్యా. నాకు ఆ పడవ ఎక్కాలని చాలా ఉంది," అని ఏడ్చింది. అంతమంది ప్రయాణాలు కట్టిన నోటితో ఆ ఒక్క మాట అనడం ఇదే మొదటిసారి.

"అదిగో, అలా చెప్పు. చెప్పకపోతే కాగితానికేం తెలుస్తుంది?" అన్నారు అత్తగారు. "ఏడుపు తర్వాత. ఆ పడవామెకి ఫోన్ చెయ్యి. గట్టిగా పెట్టు, అందరం వింటాం."

ఆ పడవ యజమానురాలే దాని కెప్టెన్. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఫోన్ స్నేహం. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఇద్దరికీ సొంతం కాని భాషలో, ఇద్దరూ తప్పులు మాట్లాడుకుంటూ, ఒక్క తప్పూ లేకుండా పని నడిపారు. బొంగరం ఫోను బల్ల మధ్యలో పెట్టి జరిగింది చెప్పింది.

అటునుంచి నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు. బల్ల మీద చెంచాలు కదిలాయి.

"నువ్వా? నువ్వు వస్తున్నావా? నాలుగు పేర్లు చూసి ఈవిడ మళ్ళీ ఇంకెవర్నో పంపుతోందనుకున్నాను! ఇంటిపేరు చూసి కూడా అనుమానం రాలేదు నాకు!"

"చోటు లేదు కదా," అంది బొంగరం.

"అతిథులకి లేదు. నాలుగంటే నాలుగే. కానీ..." గాలి హోరు, తాడు కొయ్యకు కొట్టుకుంటున్న చప్పుడు. "పడవలో పనివాళ్ళం ముగ్గురం ఉండాలి. ఇద్దరమే ఉన్నాం. మూడో మనిషి మణికట్టు విరగ్గొట్టుకుని ఇంటి దగ్గరుంది. ముందువైపు ఆమె పడక ఖాళీ. ఇరుకే, కానీ సముద్రం తలగడ పక్కనే. మీలో ఎవరైనా ఆ పనికి వస్తానంటే, మిగతా నలుగురూ అతిథులు. ఐదుగురూ పడవలో ఉంటారు."

బొంగరం అది తెలుగులో చెప్పగానే బల్ల చుట్టూ ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. చిట్టి కుర్చీ ఎక్కేసింది.

"నేను వస్తా! నేనే వస్తా!" అంది బొంగరం, కన్నీళ్ళు తుడుచుకోకుండానే.

"నువ్వు ఆ పనికి వెళ్ళకూడదు," అన్నాడు భర్త.

ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఇంట్లో చాలామందికి తెలియదు.

"మళ్ళీ పనికేనా? అక్కడ కూడా బల్లకి ఇవతలేనా? నువ్వు అతిథివి. పైవరసలో రాయి నీ పేరు. ఆ పని నేను చేస్తా."

"మీరా? తాగిన కప్పు ఎక్కడ పెట్టాలో ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నా మీకు!"

"నేర్చుకుంటా. ఇంకా పదకొండు రోజులుంది."

"ఒరేయ్ తమ్ముడూ, పదకొండు రోజుల్లో నువ్వు కప్పు దాకా వస్తావు. పళ్ళేల దాకా రావు," అంది ఆడపడుచు. "నేను వెళతా. రాత్రి డ్యూటీలు చేసినదాన్ని, నాకు పడవో లెక్కా?"

"మీ రిటైర్మెంటుకి మీచేత పని చేయించడమా వదినా? కుదరదు."

"పని అంటే పెద్దదేం కాదు," అంది ఫోనులోంచి కెప్టెన్. ఆమెకు భాష తెలియకపోయినా తగువు తెలిసింది. "వంట నా తమ్ముడు చేస్తాడు. తాళ్ళు నేను చూసుకుంటా. మూడో మనిషి చిన్న పడవలో ఒడ్డు దాకా తోడు వెళ్ళాలి. నీళ్ళలో దిగినవాళ్ళు తిరిగి ఎక్కాక తలలు లెక్కపెట్టాలి. అంతే. ఒక్క షరతు. అతిథులకి అక్కర్లేదు కానీ, ఆ పనిచేసే మనిషికి ఈత రావాలి."

బొంగరం ఆ మాట మిగతావాళ్ళకి చెప్పింది.

బల్ల చల్లబడింది. చిట్టి కుర్చీ దిగింది.

భర్త సముద్రంలో మడమ దాటి దిగిన మనిషి కాదు. ఆడపడుచుకి బకెట్టు నిండుగా ఉంటేనే భయం. చిట్టి ఒకసారి నేర్చుకోబోయి, చెవిలో నీళ్ళు పోయాయని మూడోరోజే మానేసింది. ఇక బొంగరం! వందలమందిని సముద్రాలకు పంపిందే గానీ, ఆమెకు ఈత ఎప్పుడు నేర్చుకునే తీరిక దొరికింది?

"ఆ పని ఏమిటన్నావు, మళ్ళీ చెప్పు," అన్నారు అత్తగారు.

"తలలు లెక్కపెట్టడం అత్తయ్యా. కానీ ఈత రావాలి. ఎవరికీ రాదు కదా."

"ఎవరు చెప్పారు?"

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళారు. వెంటనే తిరిగి వచ్చారు. రోజూ పొద్దున నడకకు తీసుకెళ్ళే గుడ్డసంచి బల్ల మీద బోర్లించారు. రబ్బరు టోపీ ఒకటి, ఇంకా తడి ఆరని తువ్వాలు ఒకటి, నీళ్ళలో పెట్టుకునే కళ్ళద్దాలు ఒక జత పడ్డాయి.

"వీధి చివర ఈతకొలను. రెండు నెలలైంది," అన్నారు, మార్కులు చదివినట్టు. "చిన్నప్పుడు వచ్చేది. మళ్ళీ గుర్తుచేసుకున్నాను. గట్టు మీంచి చూసి రావడానికి కాదుగా అంత దూరం వెళుతున్నది."

"మంచు పడిందన్నావు!" అంది ఆడపడుచు.

"నువ్వు నమ్మావు."

భర్త ఆ కళ్ళద్దాలు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఇవి నేను చేసినవే! ఈత నేర్పే అమ్మాయి వచ్చి, ఎవరో పెద్దావిడకని పవర్ చీటీ ఇచ్చింది. అచ్చం మా అమ్మ పవరేనని దుకాణంలో అన్నాను కూడా!"

"బాగా చేశావురా. ఒక్క చుక్క లోపలికి రాదు," అన్నారు తల్లి.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చిట్టి నానమ్మ మెడకు చుట్టుకుపోయింది. ఆడపడుచు తిడుతూనే తడి తువ్వాలు ఆరేయడానికి లేచింది. బొంగరం మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"వద్దత్తయ్యా. నేను కూర్చుని మీరు పని చెయ్యడమా? నా వల్ల కాదు."

"పనేమిటే? ముప్పై ఐదేళ్ళు విహారయాత్రల్లో పిల్లల తలలు లెక్కపెట్టాను. వెళ్ళేటప్పుడు ఎంతమందో వచ్చేటప్పుడు అంతమంది. ఒక్క తల తగ్గలేదు. ఈ ఇంట్లో లెక్క ఎవరికి వచ్చో ఇవాళ తేలింది కదా. నువ్వు నీ తల లెక్కపెట్టుకోవు. నేను పెడతాను."

ఫోనులో కెప్టెన్ అడుగుతోంది, ఎవరైనా దొరికారా అని.

"దొరికారు," అంది. "మా అత్తగారు. కొలను ఈ చివర నుంచి ఆ చివరికి..." అత్తగారు ఎనిమిది వేళ్ళు చూపించారు. "ఎనిమిదిసార్లు ఆగకుండా ఈదుతారు. టీచరు. తలలు లెక్కపెట్టడంలో ముప్పై ఐదేళ్ళ అనుభవం."

"భలే! అలాంటి మనిషే కావాలి. రేవువాళ్ళకి కాగితం రాస్తున్నాను. వయసెంత?"

బొంగరం ఫోను మీద అరచెయ్యి మూసింది. "వయసు అడుగుతోంది. ఎంత చెప్పమంటారు?"

"ఎంత ఉంటే అంత. పాఠం తప్పు చెప్పను, వయసు తప్పు చెబుతానా?"

బొంగరం చెయ్యి తీసింది. "డెబ్బై ఒకటి."

అటువైపు మాట ఆగిపోయింది. గాలి హోరు ఆగలేదు. తాడు కొయ్యకు కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు వింటూ, ఊరుకోలేక, బొంగరం బల్ల చుట్టూ తలలు లెక్కపెట్టింది. ఈసారి తన దగ్గర మొదలుపెట్టింది. ఐదు.

"ఫోను ఆవిడకియ్యి," అంది కెప్టెన్ చివరికి. ఆ గొంతులో నవ్వు లేదు. "ఆవిడతో ఒక్కదానితోనే మాట్లాడాలి."

అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నలుగురూ ఆ తలుపు దగ్గర గుమిగూడారు. ముప్పై ఐదేళ్ళు అందరినీ ప్రశ్నలడిగిన గొంతు, లోపల, వచ్చీరాని పరాయి మాటల్లో, ఒక్కొక్క ప్రశ్నకీ నిలబడి జవాబు చెబుతోంది. గడియారంలో ఆరు కావడానికి ఏడు నిమిషాలుంది.